రక్తప్రసరణ విజ్ఞానము – తంజావూరి తెలుగులిపి ప్రతి

నెత్తురు చూడని మానవుడు లేడు. వేటగాడు చూచెను, యోధుడు చూచెను, మంత్రసాని చూచెను. గుండె కొట్టుకొనుట చేతికి తెలియును, చెవికి వినబడును. అయినను ఆ నెత్తురు దేహమున ఎటు పోవుచున్నది, పోయినది ఏమగుచున్నది అను ప్రశ్నకు ప్రమాణపూర్వకమైన సమాధానము క్రీ.శ. 1628 వరకు వెలువడలేదు. నేడు పాఠశాల బాలుడు ఒక్క పుటలో చదివి అప్పగించు విషయమునకు మానవజాతి వేలకొలది యేండ్లు వేచియుండవలసివచ్చెను.

పెరిగిన మనుష్యుని దేహమున రమారమి 5 లీటర్ల నెత్తురుండును. గుండె నిమిషమునకు సుమారు 72 సార్లు కొట్టుకొనును. ఒక్కొక్క మారు 70 మిల్లీలీటర్ల నెత్తురును వెలికి నెట్టును. గుణించి చూచినచో నిమిషమునకు 5 లీటర్లు, దినమునకు 7,000 లీటర్లకు పైగా అగును. దేహమున ఉన్నది 5 లీటర్లు; గుండె దినమునకు నెట్టునది 7,000 లీటర్లు. ఈ రెండంకెల నడుమనున్న అంతరమునందే రక్తప్రసరణ రహస్యమంతయు ఇమిడియున్నది.

ఆ రహస్యము బయటపడిన చరిత్రలో తెలుగువారికి, విశేషించి తమిళదేశమున తరతరములుగా స్థిరపడిన తెలుగువారికి, సంబంధించిన చిన్న అధ్యాయమొకటి కలదు. దానిని ఉన్నదానికంటె పెద్దది చేసి చెప్పుట సత్యమునకు ద్రోహము. అసలు చెప్పకుండుట పెద్దలకు ద్రోహము.

తోట కాలువలు

సుశ్రుతసంహిత శారీరస్థానమున సిరలు 700 అనియు, వాటికి మూలము నాభియనియు చెప్పబడినది. తోటను నీటికాలువలు తడుపునట్లు సిరలు దేహమును తడిపి పోషించునని అచ్చట ఉపమానము. ధమనులు 24 అని ఆ సంహితయందే కలదు. చరకసంహిత సూత్రస్థానము హృదయము మూలముగా 10 మహాధమనులను చెప్పినది. గ్రీకుదేశపు తత్త్వవేత్త అరిస్టాటిలు (క్రీ.పూ. 384–322) జంతువుల అవయవములను గూర్చి వ్రాయుచు, రక్తనాళములను తోటలోని పిల్లకాలువలతోనే పోల్చెను. రెండు దేశముల పెద్దలకు ఒకే పోలిక తోచుట వింత కాదు. ఇరువురును సేద్యము తెలిసిన జాతులకు చెందినవారు.

ఈ పోలిక అందమైనది, సగము సత్యమైనది. నెత్తురు అవయవములను పోషించునన్నది నిజము. కాని చెరువు తూము నుండి వెడలిన నీరు కాలువ వెంట మడికి పోవును. మడి దానిని త్రాగును. అది తిరిగి చెరువునకు రాదు. చెరువు నిండవలెనన్న మరల వాన కురియవలెను. నెత్తురును కాలువ నీరుగా ఊహించినవానికి అది పోవుటయే గాని తిరిగి వచ్చుట తోచదు. సగము సత్యము చెప్పిన ఉపమానమే తక్కిన సగమును కప్పివేసెను.

భేలుని మాట

ఆత్రేయ పునర్వసువునకు శిష్యులు ఆరుగురు: అగ్నివేశుడు, భేలుడు, జతూకర్ణుడు, పరాశరుడు, హారీతుడు, క్షారపాణి. వీరిలో అగ్నివేశుని తంత్రము చరకునిచే సంస్కరింపబడి చరకసంహితగా దేశమంతట వ్యాపించెను. భేలుని సంహితకు ఆ భాగ్యము పట్టలేదు. మధ్యాసియాలోని తుర్ఫాను ప్రాంతమున దొరకిన ఒక శకలమును మినహాయించినచో, దానికి మిగిలిన వ్రాతప్రతి ఒక్కటియే. అది తంజావూరి సరస్వతీమహల్ గ్రంథాలయములోనిది. భాష సంస్కృతము, లిపి తెలుగు, కాలము సుమారు 1650. ప్రతి అసమగ్రము, శిథిలము. తంజావూరి రాజభవనమునందలి సంస్కృత గ్రంథములకు బర్నెల్ దొర కూర్చి 1880లో ప్రకటించిన సూచిద్వారా ఇది పండితులకు తెలిసినది; 1921లో కలకత్తా విశ్వవిద్యాలయము దీనిని అచ్చువేసెను.

ఆ ప్రతి వ్రాయబడిన కాలమున తంజావూరిని విజయరాఘవనాయకుడు పాలించుచుండెను. తమిళదేశపు నడిబొడ్డున తెలుగు యక్షగానములు, తెలుగు ప్రబంధములు వెలసిన కొలువది. సంస్కృత వైద్యగ్రంథమును తెలుగులిపిలో వ్రాసికొని చదువుకొను వారుండిరనుటకు ఈ ప్రతియే సాక్షి.

ఈ గ్రంథమున భేలుడు చెప్పిన మాట యొకటి రక్తప్రసరణ చరిత్రకారుల దృష్టి నాకర్షించినది. రసము హృదయము నుండి వెలువడి అన్ని దిక్కులకు పోవుననియు, సిరల మార్గమున మరల హృదయమును చేరుననియు దాని భావము. కాలువ పోలికలో లేని ‘మరల’ అను మాట ఇక్కడ కనబడుచున్నది.

అయితే ఈ మాటను తూచి గ్రహింపవలెను. భేలుడు చెప్పినది రసమును గూర్చి. ఊపిరితిత్తుల మార్గమును గూర్చి గాని, గుండె యొక్క కుడి యెడమ భాగముల పనిని గూర్చి గాని అతడా వాక్యమున చెప్పలేదు. ఎట్లు తెలిసినదో, ఎట్లు పరీక్షింపవచ్చునో చెప్పలేదు. అందుచేత రక్తప్రసరణమును భేలుడే కనుగొనెననుట అతిశయోక్తి యగును. సరియైన దిక్కునకు చూచిన ఒక వాక్యమున్నది. ఆ దిక్కున నడచిన బాట లేదు. అంతవరకే చెప్పుట న్యాయము.

పడమటి గురుపీఠము

పడమటి దేశములలో గేలెన్ అను వైద్యుని మాట రమారమి 1,400 ఏండ్లు వేదవాక్యముగా చెల్లెను. ఆసియామైనరులోని పెర్గమమున క్రీ.శ. 129లో పుట్టిన ఈతడు ఖడ్గయోధులకు చికిత్స చేసి, పిమ్మట రోమునగరమున రాజవైద్యుడయ్యెను. మనుష్యదేహమును కోయుట నాడు నిషిద్ధమగుటచే కోతులను, పందులను కోసి చూచెను. ధమనులలో ఉండునది వాయువని అంతకుముందు అలెగ్జాండ్రియా వైద్యులు తలచిరి. అవి నెత్తుటితోనే నిండియుండునని గేలెన్ ప్రయోగపూర్వకముగా చూపెను. ఇది గొప్ప పని.

కాని అతడును కాలువను విడువలేదు. ఆహారము నుండి కాలేయము నెత్తురును తయారుచేయును. సిరలు దానిని అవయవములకు చేర్చును. అవయవములు దానిని ఖర్చుచేయును. గుండె కుడిభాగమునకు వచ్చిన నెత్తుటిలో కొంత, నడిమి గోడయందలి కంటికి కానరాని రంధ్రముల గుండ ఎడమభాగమునకు ఊరును. ఇది గేలెన్ సిద్ధాంతము. ఆ రంధ్రములను చూచినవాడు లేడు. గురువు ఉన్నవనెను గనుక ఉన్నవని శిష్యులు తలచిరి.

ఆ గోడకు రంధ్రములు లేవని మొదట వ్రాసినవాడు ఇబ్నునఫీసు. 1213లో దమాస్కసు ప్రాంతమున పుట్టి, కైరోలో వైద్యుడై, 1288లో కీర్తిశేషుడైన ఇతడు, ఇబ్నుసీనా వైద్యగ్రంథమునందలి శారీరభాగమునకు 1242లో వ్యాఖ్య వ్రాసెను. గుండె నడిమి గోడ దట్టమైనదనియు, దాని గుండ నెత్తురు పోజాలదనియు, కుడిభాగపు నెత్తురు ఊపిరితిత్తులకు పోయి, అచ్చట వాయువుతో కలిసి ఎడమభాగమును చేరుననియు అందు స్పష్టముగా చెప్పెను. ఈ వ్యాఖ్య యొక్క ప్రాముఖ్యమును 1924లో ముహియుద్దీన్ తతావీ అను ఈజిప్టు వైద్యుడు బెర్లిన్ గ్రంథాలయమందలి ప్రతిని చదివి లోకమునకు తెలిపెను. నడుమ గడచినది దాదాపు 700 సంవత్సరములు.

ఐరోపాలో ఇదే విషయమును మైకేల్ సెర్వెటస్ 1553లో ఒక మతగ్రంథమునందు వ్రాసెను. మతవిరోధియని అతనిని ఆ సంవత్సరము అక్టోబరు 27న జెనీవాలో సజీవదహనము చేసిరి. గ్రంథమును కూడ తగులబెట్టిరి. నేటికి మిగిలినవి మూడు ప్రతులు. 1559లో అచ్చయిన రియాల్డో కొలంబో గ్రంథము మూలమున ఊపిరితిత్తుల మార్గము వైద్యులకు సుపరిచితమయ్యెను.

చిన్న తలుపులు

ఇటలీలోని పాదువా విశ్వవిద్యాలయము ఆనాటి శారీరశాస్త్రమునకు కాణాచి. అచ్చట బోధించిన వెసేలియస్ 1543లో మనుష్యదేహ నిర్మాణమును గూర్చిన మహాగ్రంథమును ప్రకటించెను. 1555 నాటి రెండవ ముద్రణమున గుండె గోడ రంధ్రములను గూర్చి తన సందేహమును దాచలేదు. తరువాతి యాచార్యుడు ఫాబ్రీషియస్ 1603లో సిరలలోని కవాటములను గూర్చి చిత్రములతో గ్రంథము వెలువరించెను. వాటికి అతడు పెట్టిన లాటిను పేరునకు ‘చిన్న తలుపులు’ అని అర్థము. తెలుగు పాఠ్యగ్రంథములలోని ‘కవాటము’ అను మాటకును తలుపనియే యర్థమగుట గమనింపదగినది.

తలుపును కనిపెట్టిన యాచార్యుడు అది ఎటు తెరచుకొనునో చూచియు, ఎందులకో గ్రహింపలేదు. నెత్తురు కాళ్లచేతులలోనికి ఒక్కసారిగా దిగిపోకుండ అడ్డుకొనుటకే అవి ఉన్నవని తలచెను. కాలువ భావన అంత బలమైనది. ఆతని శిష్యులలో 1602లో పాదువాలో పట్టము పొందిన విలియం హార్వే అను ఆంగ్లేయ యువకుడుండెను. తలుపులు గుండెవైపునకే తెరచుకొనుచున్నవే, మరి సిరలలో నెత్తురు గుండె నుండి బయటికి ఎట్లు పోవును అను ప్రశ్న ఆ శిష్యుని విడువలేదు.

హార్వే లెక్క

హార్వే 1578 ఏప్రిల్ 1న ఇంగ్లండులోని ఫోక్‌స్టనులో జన్మించెను. 1609లో లండనులోని సెయింట్ బార్తొలోమ్యూ వైద్యశాలలో వైద్యుడయ్యెను. కుక్కలు, పందులు, పాములు, కప్పలు, చేపలు, నత్తలు, రొయ్యలు, గ్రుడ్డులోని కోడిపిల్ల – వీటన్నిటి గుండెలను అతడు పరిశీలించెను. వెచ్చని నెత్తురుగల జంతువుల గుండె చలనము కంటికందనంత వేగముగా నుండును. పాము, కప్పల గుండె మెల్లగా కదలును. చావు సమీపించిన జంతువు గుండె మరింత మెల్లగా కదలును. ఆ నెమ్మదిలో అతడు క్రమమును చదివెను. ముడుచుకొన్నపుడే గుండె పనిచేయును, సడలినపుడు నిండును అని నిశ్చయించెను.

పిమ్మట లెక్కకు పూనుకొనెను. గుండె ఒక్కొక్క మారు వెలికి నెట్టునది మిక్కిలి తక్కువ చేసి అర ఔన్సు అనుకొందురు గాక. అరగంటలో గుండె వేయిసార్లకు తక్కువ కాకుండ కొట్టుకొనును. అనగా అరగంటకు 500 ఔన్సులు, నేటి తూనికలో రమారమి 14 కిలోలు. ఏ మనిషి దేహమునందైనను అంత నెత్తురు లేదు. ఏ మనిషియు అరగంటలో అంత నెత్తురునకు సరిపడు ఆహారము తినడు. కావున ప్రతిసారి క్రొత్త నెత్తురు పుట్టుట అసంభవము. పోయినదే తిరిగి రావలెను. ఎవరును చూడని రంధ్రములను నమ్మిన లోకమునకు, ఎవరైనను వేయదగిన గుణకారమును అతడు చూపెను.

లెక్కను చేతలతో రుజువు చేసెను. దండచేతికి కట్టు మిక్కిలి బిగించినచో ధమని కూడ మూతపడి చేయి చల్లబడును. కట్టును కొంచెము సడలించినచో లోతుననున్న ధమని తెరచుకొనును, పైనున్న సిరలు మాత్రము మూసికొనియుండును. అప్పుడు చేయి ఎర్రబారి, సిరలు ఉబ్బును. అనగా ధమనులగుండ వచ్చిన నెత్తురే సిరలను నింపుచున్నది. ఉబ్బిన సిరను వ్రేలితో నొక్కి, మరొక వ్రేలితో నెత్తురును గుండెవైపునకు తుడిచినచో ఆ భాగము ఖాళీయగును. పైనున్న కవాటము నెత్తురును వెనుకకు రానీయదు. బ్రతికిన పాము గుండెకు వచ్చు సిరను పట్టి నొక్కగా గుండె పాలిపోయి వట్టిదయ్యెను. గుండె నుండి వెడలు ధమనిని నొక్కగా గుండె ఉబ్బి నల్లబడెను.

1628లో ఫ్రాంక్‌ఫర్టునగరమున అచ్చయిన 72 పుటల లాటిను గ్రంథమున ఈ విషయమంతయు కలదు. నెత్తుటి చలనమునకు అతడు చూపిన పోలిక కాలువ కాదు, వాన. తడిసిన నేల ఎండకు ఆవిరి వదలును. ఆవిరి మేఘమై వానగా మరల నేలను చేరును. కాలువ పోలిక నుండి వాన పోలికకు మనుష్యుని ఊహ మారుటయే ఈ చరిత్రలోని మలుపు.

నమ్మనివారు, నమ్మినవారు

గ్రంథము వెలువడిన పిదప హార్వే వైద్యవృత్తి బాగుగా తగ్గిపోయెననియు, జనులు ఆతనిని మతిచెడినవానిగా తలచిరనియు ఆతని నెరిగిన ఆబ్రే అను రచయిత వ్రాసియుంచెను. పారిసు ఆచార్యుడు రియోలాన్ గేలెన్ పక్షమున నిలిచి వాదించెను. 1649లో హార్వే ఆతనికి సమాధానములు ప్రకటించెను. ఫ్రాన్సుదేశపు తత్త్వవేత్త డేకార్టు 1637లోనే ప్రసరణమును అంగీకరించినను, గుండె పనిచేయు తీరును గూర్చి హార్వేతో ఏకీభవింపలేదు. 1657 జూన్ 3న హార్వే మరణించునాటికి ఆతని సిద్ధాంతము పలు విశ్వవిద్యాలయములలో పాఠమయ్యెను.

ఒక లోపము మాత్రము మిగిలెను. ధమనుల చివర నుండి సిరల మొదటికి నెత్తురు ఏ దారిని పోవునో హార్వే చూడలేదు. సూక్ష్మదర్శినితో కప్ప ఊపిరితిత్తిని పరిశీలించి, వెంట్రుకకంటె సన్నని నాళములు ఆ రెంటిని కలుపుచున్నవని 1661లో ఇటలీవాడైన మాల్పీగీ తెలిపెను. అవియే కేశనాళికలు. హాలెండునకు చెందిన లీవెన్‌హుక్ 1688లో తోకకప్ప పారదర్శకమైన తోకలో నెత్తురు పరుగులిడుటను కన్నులార చూచి వర్ణించెను. నల్లని నెత్తురు ఎర్రబారుట ఊపిరితిత్తులలో గాలి తగులుటచేతనే అని 1669లో రిచర్డ్ లోయర్ చూపెను. స్టీఫెన్ హేల్స్ అను మతాచార్యుడు గుఱ్ఱపు ధమనిలో గొట్టమమర్చి, దానికి నిలువు గాజుగొట్టము తగిలించగా నెత్తురు 8 అడుగుల 3 అంగుళముల యెత్తునకు లేచెను. 1733లో ప్రకటించిన ఈ ప్రయోగమే రక్తపోటును కొలుచుటకు నాంది.

జీవజాతులలో ప్రసరణము

జంతువులను పరిశీలించినందుననే మనుష్యుని గుండె అర్థమైనదని పైన చెప్పబడినది. ఆ భేదములు తెలిసికొనదగినవి. బొద్దింక మొదలగు కీటకములలో నెత్తురు నాళములలోనే పారక, దేహకుహరమున అవయవములను నేరుగా తడుపును. ప్రాచీనుల కాలువ పోలిక కొంతవరకు వీటికి సరిపడును. వానపామునందు నెత్తురు నాళములు దాటదు. చేప గుండెకు ఒక కర్ణిక, ఒక జఠరిక. నెత్తురు గుండె నుండి మొప్పలకు, మొప్పల నుండి దేహమునకు, దేహము నుండి గుండెకు ఒకే చుట్టుగా తిరుగును. కప్పకు రెండు కర్ణికలు, ఒక జఠరిక. పక్షులకు, పాలిచ్చు జంతువులకు, మనుష్యునకు నాలుగు గదులు. కుడిభాగము ఊపిరితిత్తులకును, ఎడమభాగము దేహమునకును నెత్తురు నెట్టుటచే రెండు చుట్లు. సరీసృపములలో మొసలికి మాత్రమే నాలుగు గదులు గలవు. చిట్టెలుక గుండె నిమిషమునకు 500 సార్లకు మించి కొట్టుకొనగా, ఏనుగు గుండె సుమారు 30 సార్లు కొట్టుకొనును. దేహము పెరిగినకొలది గుండె నెమ్మదించును.

తెలిసియు మారని చికిత్స

విజ్ఞానము మారినంతమాత్రమున ఆచారము మారదు. నెత్తురు తిరుగునదే గాని ఊరికే నిలువయుండునది కాదని తెలిసిన పిదపను, జ్వరమునకు నెత్తురు తీయు చికిత్స ఐరోపాలో రెండు శతాబ్దములు సాగెను. అమెరికా తొలి అధ్యక్షుడు వాషింగ్టన్‌కు 1799 డిసెంబరులో, ఆయన మరణించిన దినముననే, వైద్యులు పలుమార్లు నెత్తురు తీసిరి. 1835లో పారిసు వైద్యుడు లూయీ, రోగులను లెక్కించి, ఆ చికిత్స వలని ప్రయోజనము అందరు తలచినదానికంటె చాల తక్కువయని చూపెను. హార్వే వలెనే ఆతడును లెక్కను ఆశ్రయించెను.

పోయిన నెత్తురును తిరిగి నింపు యత్నములును ప్రాణాంతకములయ్యెను. 1667లో పారిసునందును లండనునందును గొఱ్ఱె నెత్తురును మనుష్యులకెక్కించిరి. అనర్థములు కలుగగా ఆ పద్ధతి నిషేధింపబడెను. 1901లో వియన్నాకు చెందిన లాండ్‌స్టైనర్ మనుష్యుల నెత్తుటిలో వర్గభేదము కలదని తెలిపిన పిమ్మటనే రక్తదానము ప్రాణదానమయ్యెను. ఇందులకు 1930లో ఆతనికి నోబెల్ బహుమానము లభించెను.

మాటలు, ప్రతులు

ఈ శాస్త్రము పాఠశాలలకు వచ్చినపుడు ప్రాచీనుల మాటలే క్రొత్త యర్థములను ధరించెను. తెలుగున ధమని, సిర. కన్నడమున అపధమని, అభిధమని. మరాఠీలో రోహిణి, నీల. బళ్లారి బాలునకును షోలాపురపు బాలికకును ఇంటి మాట ఒకటి, ఊరి మాట వేరొకటి. ఇది చిక్కుగా తోచవచ్చును, నిజమున కలిమి. నెత్తురు అను తెలుగు మాటకు కన్నడమున నెత్తరు, గుండెకు గుండిగె ఉండుట చూపినచో, ఆ బిడ్డకు శాస్త్రముతో పాటు చుట్టరికమును తెలియును.

దమాస్కసు వైద్యుని వ్యాఖ్య బెర్లినులో నిద్రించెను. భేలుని సంహిత తంజావూరిలో నిద్రించెను. హార్వే రియోలానునకు సమాధానము వ్రాయుచున్న యించుమించు అదే కాలమున, పేరు చెప్పుకొనని లేఖకుడొకడు రసము గుండెకు మరల వచ్చునను వాక్యమును తెలుగు అక్షరములలో ఎత్తి వ్రాసెను. అతడు వ్రాయకున్నచో ఆ గ్రంథము శకలముగా మాత్రమే మిగిలెడిది. వ్రాసినందున మాట బ్రతికెను. కాని ఆ మాటను పట్టుకొని ఇది నిజమా అని కట్టు కట్టి చూచినవాడు, గుణించి చూచినవాడు లేకపోయెను. కాపాడుట ఒక ధర్మము. చదివి పరీక్షించుట మరొక ధర్మము. మొదటిది లేనిచో రెండవదానికి ఆధారముండదు; రెండవది లేనిచో మొదటిది పెట్టెలోని ధనమే.

తమిళ, కన్నడ, ఉత్కల, మహారాష్ట్ర దేశములలోని తెలుగిండ్ల అటకల మీద తాతలనాటి తాళపత్రములున్నచో, వాటికి పసుపు కుంకుమలు పెట్టుట మాత్రమే చాలదు. వాటిని విప్పి, చదివి, చదివించవలెను. అందున్నది అందున్నంత మాత్రమే చెప్పవలెను. పోయిన నెత్తురు మరల గుండెకు వచ్చినపుడే దేహము నిలుచును. పెద్దల నుండి వెడలిన విద్యయు చదువరుల ద్వారా మరల జాతి హృదయమును చేరినపుడే భాష నిలుచును.